సింగిల్ టేక్ వేరు, రియల్ టైమ్ వేరు: ఎడిటింగ్ టేబుల్ దగ్గర్నుంచి అపోహలు - వాస్తవాలు

షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి మొదట అనే మాట ఒకటుంది. "అన్నా, ఇది రియల్ టైమ్ కథ. సింగిల్ టేక్‌లో కొట్టేస్తాం. నీకు పెద్దగా పనుండదు." రియల్ టైమ్ అంటే కథలో గడిచే కాలం, సినిమా నడిచే కాలం ఒకటే అన్నమాట. సింగిల్ టేక్ అంటే కెమెరా ఆపకుండా, కట్ (ఒక షాట్ తెగి ఇంకోటి మొదలయ్యే చోటు) లేకుండా తియ్యడం. రెండు వారాలయ్యాక హార్డ్ డిస్క్ పట్టుకుని వాళ్లే వస్తారు. నా పని అప్పుడు మొదలవుతుంది. పగలు ఎడిటింగ్, రాత్రి పాత నలుపు తెలుపు హారర్ సినిమాలు, ఇదీ నా దినచర్య. ఈ రెండింటి మీదా జనంలో తిరిగే మాటల్లో పొరపాటు మాత్రం ఒకటే: కంటికి కనిపించే దానికే పేరంతా ఇచ్చేస్తారు, కెమెరాకో, మేకప్‌కో.

అపోహ: కథ రియల్ టైమ్‌లో నడవాలంటే కట్ ఉండకూడదు.

వాస్తవం: ఈ రకం సినిమాల్లో అందరూ ముందు చెప్పే పేరు 'హై నూన్' (1952). ఫ్రెడ్ జిన్నెమాన్ దర్శకుడు, నిడివి 85 నిమిషాలు. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి పగవాడు దిగుతాడు, ఈలోగా ఊరి మార్షల్ (పోలీసు అధికారి లాంటివాడు) గ్యారీ కూపర్ తోడు రమ్మని ఊరంతా తిరుగుతాడు. సినిమా నిండా కట్లే. ఆ ఏడాది ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది కూడా దానికే, ఎల్మో విలియమ్స్, హ్యారీ గెర్‌స్టాడ్‌లకి. పన్నెండు కొట్టే ముందు ఒక మాంటేజ్ ఉంటుంది. గడియారం లోలకం, ఖాళీ కుర్చీ, చర్చిలో మొహాలు, సారాకొట్టులో మొహాలు, రైలు పట్టాలు. మాట ఒక్కటీ ఉండదు, సంగీతం దరువుకి ఒక్కో కట్ పడుతుంది. చివర్లో రైలు కూత. అంతసేపూ మన గుండెకాయ గొంతులోకి వచ్చేది ఆ కట్ల వల్లే.

దీనికి తిరగేసి చూడండి. 'రష్యన్ ఆర్క్' (2002) మొత్తం 96 నిమిషాల ఒకే షాట్. సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో 2001 డిసెంబర్ 23న, మూడు సార్లు ఆగిపోయి నాలుగోసారి దొరికిన టేక్ అది. కట్ లేదు సరే, రియల్ టైమా? కాదు. గది మారితే కాలం మారుతుంది, తలుపులు దాటుకుంటూ మూడొందల ఏళ్లు తిరిగొస్తాం. 'బర్డ్‌మ్యాన్' (2014) కూడా ఒకే షాట్‌లా కనిపిస్తుంది కానీ అందులో కొన్ని రోజులు గడిచిపోతాయి. సింగిల్ టేక్ అనేది కెమెరా సంగతి, రియల్ టైమ్ కథ సంగతి. ఒకదానికొకటి పూచీ కాదు.

అపోహ: రియల్ టైమ్ అంటే గడియారంతో నిమిషానికి నిమిషం సరిపోవాలి.

వాస్తవం: హిచ్‌కాక్ తీసిన 'రోప్' (1948) కథ సాయంత్రం ఏడున్నరకి మొదలై తొమ్మిదింపావుకి ముగుస్తుంది. సినిమా 80 నిమిషాలే. కిటికీ బయట పొద్దు కాస్త తొందరగా గుంకుతుంది, ఎవరూ పట్టించుకోరు. 'హై నూన్'లోనూ గోడ గడియారాలు మన చేతి వాచీ కంటే కొంచెం జోరుగానే నడుస్తాయి. ఆన్యెస్ వర్దా తీసిన 'క్లియో ఫ్రమ్ ఫైవ్ టు సెవెన్' (1962) పేరులో రెండు గంటలున్నా సినిమా గంటన్నరే.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఓ రియల్ టైమ్ షార్ట్ ఫిల్మ్‌లో హీరోయిన్ టీ పెడుతుంది, బయట ఎవరో తలుపు కొడుతూ ఉంటారు. డైరెక్టర్ పంతం పట్టి పాలు పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచి టీ గ్లాసులో పోసేదాకా ఏడు నిమిషాలూ ఉంచేశాడు. తెలిసినవాళ్లకి వేసి చూపిస్తే మూడో నిమిషంలోనే ఒక్కొక్కరి ఫోన్ వెలిగింది. తర్వాత నేను కూర్చుని పాలగిన్నె, తలుపు గొళ్లెం, ఆమె చెవి, మళ్లీ పాలగిన్నె అని మార్చి మార్చి కోసి రెండున్నర నిమిషాలకి దించాను. పాలు పొంగే శబ్దం మాత్రం ఎక్కడా తెగకుండా చూసుకున్నాను. రెండోసారి చూసినాయన బయటికొచ్చి, "భలే ఉంది బాబూ, టీ పెట్టడం కట్ లేకుండా మొత్తం చూపించారు" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. శబ్దం తెగకపోతే కాలం తెగలేదనే అనుకుంటారు చూసేవాళ్లు.

అపోహ: 'రోప్'లో కట్ ఒక్కటీ లేదు.

వాస్తవం: ఉన్నాయి. అప్పటి కెమెరాలో వెయ్యడుగుల ఫిల్మ్ పడుతుంది, అంటే పది నిమిషాలు దాటి ఒక్క టేక్ తియ్యలేరు. కాబట్టి ఎవరి కోటు వీపు మీదికో కెమెరా వెళ్లి తెర నల్లబడినప్పుడు ఒక అతుకు. ఇది అందరికీ తెలిసిందే. దాచకుండా వేసిన మామూలు కట్లు కూడా ఉన్నాయన్నది చాలామంది గమనించరు. అప్పట్లో థియేటర్‌లో ఇరవై నిమిషాలకోసారి ప్రొజెక్టర్ మీద రీలు మారేది, అక్కడ అతుకు దాచినా దక్కదని హిచ్‌కాక్‌కి తెలుసు.

అపోహ: పాత హారర్ నటుల గొప్పంతా మేకప్‌దే.

వాస్తవం: 'ఫ్రాంకెన్‌స్టైన్' (1931)కి జాక్ పియర్స్ చేసిన మేకప్‌ని తక్కువ చెయ్యను, రోజూ గంటల తరబడి పట్టేది. కానీ అందులో సగం బుర్ర రాక్షసుడి వేషం వేసిన బోరిస్ కార్లోఫ్‌ది. తన కళ్లు మరీ చురుగ్గా, అన్నీ తెలిసినట్టు ఉన్నాయని రెప్పల మీద మైనం పెట్టించుకున్నాడు. కట్టుడు పళ్లు తీసేసి బుగ్గ లోపలికి పోయేలా చేసుకున్నాడు. ఇక ఆ రాక్షసుడు మొదటిసారి తెర మీదికొచ్చే చోటు చూడండి. వెనక్కి నడుస్తూ తలుపులోంచి వస్తాడు, వీపే కనిపిస్తుంది. మెల్లిగా తిరుగుతాడు. అప్పుడు మొహం మీదికి వరసగా కట్లు, ఒక్కోటీ ముందుదానికంటే దగ్గరికి. ఇవాళ నాకు ఆ రషెస్ (ఇంకా కొయ్యని ముడి షాట్లు) ఇచ్చినా అంతకంటే బాగా కొయ్యలేను. ఎందుకంటే ఆ తిరగడంలో ఆయన తీసుకున్న టైమే కట్ ఎక్కడ పడాలో చెప్పేస్తుంది.

కార్లోఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. పుట్టింది లండన్‌లో, తండ్రి పనిచేసింది మాత్రం ఇక్కడ, బ్రిటిష్ ఇండియా ఉప్పు పన్ను శాఖలో. అన్నట్టు ఫ్రాంకెన్‌స్టైన్ అనేది రాక్షసుడి పేరు కాదు, తయారు చేసినవాడి పేరు. మొదటి టైటిల్స్‌లో రాక్షసుడి పాత్రకి ఎదురుగా నటుడి పేరు బదులు ప్రశ్నార్థకమే వేశారు.

అపోహ: బేలా లుగోసీ కోరలు చూపించి భయపెట్టాడు.

వాస్తవం: 1931 'డ్రాక్యులా'లో లుగోసీకి కోరలే లేవు. కాటు కూడా చూపించరు. మెడ మీదికి వంగుతాడు, అక్కడితో సరి. మన కళ్లలో ఉండిపోయిన నెత్తుటి కోరలు 1958లో రంగుల్లో వచ్చిన 'డ్రాక్యులా'లో నటించిన క్రిస్టఫర్ లీవి. లుగోసీ ఆయుధం మాటకీ మాటకీ మధ్య వదిలే ఖాళీ. ఆయన హంగేరియన్, ఇంగ్లిష్ నెమ్మదిగా పలుకుతాడు. పైగా ఆ సినిమాలో టైటిల్స్ అయ్యాక నేపథ్య సంగీతం దాదాపు లేదు. ఆ నిశ్శబ్దంలో ఆయన ఆగితే మనమూ ఆగిపోతాం.

అపోహ: 'నోస్ఫెరాతు' (1922) నటుడు మాక్స్ ష్రెక్‌ది మారుపేరు. వాస్తవం: జర్మన్‌లో ష్రెక్ అంటే భయం, అందుకే ఆ పుకారు. అది ఆయన సొంత పేరే, రంగస్థలం మీద పండిన నటుడు.

అపోహ: హారర్ వాళ్లు హారర్‌కే పనికొస్తారు.

వాస్తవం: 'హై నూన్' మళ్లీ చూడండి. సాయం అడగడానికి కూపర్ ఒక ముసలి మార్షల్ ఇంటికి వెళ్తాడు. కీళ్లు పట్టేసిన చేతులు, విసుగెత్తిన గొంతు. ఆ ముసలాయనే లాన్ చానీ జూనియర్, 1941 'ది వుల్ఫ్ మ్యాన్'లో తోడేలుగా మారినవాడు. నిజానికి కూపర్ కంటే దాదాపు ఐదేళ్లు చిన్న! కూపర్‌ని పైకి తెచ్చిన గురువుగా నటించాడని ఎవరికీ అనుమానం రాదు.

రాబర్ట్ వైజ్ కథ నాకు ఇంకా ఇష్టం, మా ఎడిటర్ల కులం కాబట్టి. 'సిటిజన్ కేన్' ఎడిట్ చేసింది ఆయనే. దర్శకుడయ్యాక 1949లో 'ది సెట్-అప్' తీశాడు. ఓ వయసు మళ్లిన బాక్సర్ గురించి 72 నిమిషాల రియల్ టైమ్ కథ, మొదట్లో వీధి గడియారం 9:05 చూపిస్తుంది, చివర్లో పదింపావు దాటుతుంది. దానికి నాలుగేళ్ల ముందు తీసింది 'ది బాడీ స్నాచర్' (1945), కార్లోఫ్, లుగోసీ కలిసి నటించిన ఆఖరి సినిమా.

అందులో ఒక షాట్. రాత్రి వీధిలో అడుక్కునే పిల్ల పాడుకుంటూ కమాను కింది చీకట్లోకి వెళ్లిపోతుంది. వెనకాలే నింపాదిగా కార్లోఫ్ గుర్రబ్బండి. అదీ చీకట్లో కలుస్తుంది. కెమెరా కదలదు. తెర మీద మనిషి లేడు, ఖాళీ వీధి, పాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి పాట తెగిపోతుంది.

ఓసారి ఆ షాట్‌ని టైమ్‌లైన్ మీద పరిచి, ఎక్కడైనా రెండు సెకన్లు తగ్గించొచ్చా అని వెతికాను. గంట కూర్చున్నా చోటు దొరకలేదు.