బ్రేక్‌ఫాస్ట్ కౌంటర్ స్టూళ్ళు: అపోహలు - వాస్తవాలు

వంటిళ్ళ ఇంటీరియర్ పని చేసేవారికి పని ముగిసిన కొన్నాళ్ళకు తప్పకుండా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. కౌంటర్ బాగా కుదిరింది, స్టూళ్ళు కూడా అందంగానే ఉన్నాయి, కానీ వాటి మీద పది నిమిషాలు కూర్చోలేకపోతున్నామని, ఇంటిల్లిపాదీ మళ్ళీ పళ్ళెం పట్టుకుని సోఫాలోనే తింటున్నామని చెబుతారు. చాలాసార్లు ఆ స్టూళ్ళను చూడకుండానే కారణం చెప్పవచ్చు: ఎత్తు తప్పింది. రంగు, మెత్తదనం, వీపు ఆన్చుకునే వీలు, ఇవన్నీ దాని తరువాతి సంగతులు. అందువల్ల ఎత్తు గురించే ఎక్కువగా రాస్తాను, మిగతావి క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: బార్ స్టూలు అంటే ఒకటే కొలత, ఏ కౌంటర్‌కైనా సరిపోతుంది.

వాస్తవం: ఒకే పేరుతో కనీసం రెండు వేర్వేరు ఎత్తుల స్టూళ్ళు అమ్ముడవుతున్నాయి. వంటగట్టుకు సమంగా 36 అంగుళాల ఎత్తున, అంటే సుమారు 91 సెంటీమీటర్ల ఎత్తున ఉండే కౌంటర్‌కు, సీటు నేల నుంచి 24 - 26 అంగుళాల ఎత్తులో ఉండాలి. వంటగట్టు కంటే పైకి లేపి 42 అంగుళాల ఎత్తున కట్టిన బార్‌కు 30 అంగుళాల సీటు కావాలి. ఈ రెండో రకాన్ని తెచ్చి మొదటి రకం కౌంటర్ దగ్గర వేస్తే సీటుకు, కౌంటర్ పైభాగానికి మధ్య మిగిలేది 6 అంగుళాలే. అందులోంచి రాతిపలక మందం, దాని కింది ప్లైవుడ్ మందం తీసేస్తే తొడలు దూరడానికి చోటే ఉండదు. కూర్చున్న మనిషి పక్కకు తిరిగి, నడుము మెలితిప్పి తింటాడు. నెప్పి మొదలయ్యాక స్టూలు గట్టిగా ఉందనుకుని దాని మీద దిండు వేస్తాడు, దాంతో సీటు ఇంకాస్త పైకి లేచి ఉన్న ఖాళీ కూడా పోతుంది.

సీటు నుంచి కౌంటర్ పైభాగం వరకు 10 - 12 అంగుళాలు ఉండాలన్నది అందరూ చెప్పే లెక్క, అది సరైనదే. అయితే మోకాళ్ళకు తగిలేది కౌంటర్ అడుగుభాగం కనుక నేను అక్కడి నుంచే కొలుస్తాను. అంచు మందంగా కనిపించడం కోసం రాతిపలకకు కింద ఇంకో పట్టీ అతికిస్తుంటారు. టేపును ఆ పట్టీ కింది అంచు దగ్గర పెట్టాలి. అక్కడి నుంచి సీటు వరకు 8 అంగుళాలకు తగ్గితే లావుపాటి తొడలున్నవారికి ఇబ్బంది తప్పదు, 9 ఉంటే హాయిగా ఉంటుంది. మెత్తటి కుషన్ అయితే మనిషి కూర్చున్నాక ఎంత అణుగుతుందో కూడా చూసుకోవాలి. ఇంకొక మాట: నేల మీద టైల్స్ పడకముందు తీసుకున్న కొలతతో స్టూళ్ళు ఆర్డర్ పెట్టవద్దు. కౌంటర్ కట్టేశాక నేల మీద మరో పొర వేస్తే కౌంటర్ ఎత్తు ఆ మేరకు తగ్గిపోతుంది.

దీనికి తోడైన అపోహ ఇంకొకటుంది, ఆన్‌లైన్‌లో కొనేవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. వివరాల్లో ‘ఎత్తు’ అని కనిపించే అంకెను సీటు ఎత్తు అనుకుంటారు. చాలాచోట్ల అది వీపు పలక పైఅంచు వరకు ఉన్న మొత్తం ఎత్తు. 38 అంగుళాల మొత్తం ఎత్తున్న స్టూలుకు సీటు 25 దగ్గర ఉండవచ్చు, 30 దగ్గర కూడా ఉండవచ్చు. సీటు ఎత్తును విడిగా ఇవ్వని స్టూలును, అమ్మేవారిని అడిగి తెలుసుకునే వరకు, కొనకండి.

ఒక ఇంటివారు ఇలాగే 30 అంగుళాల సీటున్న చెక్క స్టూళ్ళు కొని, వాపసు గడువు దాటాక విషయం గ్రహించి, గ్రానైట్ పగలగొట్టి కౌంటర్‌ను పైకి లేపాలా అని దాదాపు ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. చుట్టాల్లో ఎవరో కౌంటరే తప్పు కట్టారని తేల్చేశారట. కౌంటర్‌ను ముట్టుకోవద్దని చెప్పి, మా వడ్రంగితో స్టూళ్ళ కాళ్ళను కిందివైపు నుంచి 5 అంగుళాలు కోయించాను. కిందినుంచి కోస్తే సీటుకు, ఫుట్‌రెస్ట్‌కు (పాదాలు ఆన్చే అడ్డకడ్డీకి) మధ్య దూరం మారదు, ఫుట్‌రెస్ట్ మాత్రం నేలకు దగ్గరవుతుంది. అయితే కాళ్ళు ఏటవాలుగా ఉన్న స్టూలును అదే కోణంలో కోయకపోతే ఊగుతుంది, పైగా కోసినకొద్దీ కాళ్ళ మధ్య విస్తీర్ణం తగ్గుతుంది కనుక కోశాక ఒకసారి పక్కలకు ఒరిగి చూడాలి. ఇనుప గొట్టాల స్టూళ్ళకు ఈ పని అంత తేలిక కాదు.

అపోహ: పొట్టిగా ఉన్నవారికి పొట్టి స్టూలు కావాలి.

వాస్తవం: సీటు ఎత్తును నిర్ణయించేది కౌంటర్, మనిషికి తగ్గట్టు చూసుకోవలసింది ఫుట్‌రెస్ట్. సీటుకు 16 - 18 అంగుళాల దిగువన ఫుట్‌రెస్ట్ ఉంటే చాలామందికి పాదం ఆనుతుంది. పొట్టివారికి ఇంకొక రెండంగుళాలు పైకి ఉంటే మేలు. పాదాలు గాలిలో వేలాడితే కాళ్ళ బరువంతా మోకాళ్ళ వెనుక, తొడల కింద నొక్కుతుంది, కాసేపటికి తిమ్మిరి పడుతుంది. తాము పొట్టి కావడం వల్లే కూర్చోలేకపోతున్నామని మొహమాటపడుతూ చెప్పేవారు ఎందరో ఉన్నారు; వారిలో ఏ దోషమూ లేదు, తగినచోట ఒక కడ్డీ బిగిస్తే సరిపోతుంది.

పెద్దవాళ్ళ సంగతి వేరు. మోకాళ్ళ నొప్పులున్నవారు, తూలేవారు ఎత్తు స్టూలు ఎక్కి దిగడం మంచిది కాదు, ఎంత ఖరీదైన స్టూలైనా దానికి విరుగుడు కాదు. అమ్మ పడిపోతుందేమోనని భయపడుతున్నవారికి నేనిచ్చే సలహా, కౌంటర్ చివర 30 అంగుళాల ఎత్తున ఒక బల్ల కలిపి, దాని దగ్గర మామూలు కుర్చీ వేయమని.

అపోహ: సీటును పైకీ కిందికీ మార్చుకునే గ్యాస్ లిఫ్ట్ స్టూలైతే కొలతల గొడవ ఉండదు.

వాస్తవం: దానికీ కనిష్ఠ ఎత్తు ఒకటుంటుంది, అది మీ కౌంటర్‌కు ఎక్కువ కావచ్చు. సీటు పైకి లేచినప్పుడు ఫుట్‌రెస్ట్ కూడా లేస్తుందా, కిందే ఉండిపోతుందా అన్నది చూసి కొనాలి. ఒంటి స్తంభం మీద నిలిచే స్టూలుకు అడుగు పళ్ళెం వెడల్పుగా, బరువుగా ఉండాలి. పిల్లలు ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి ఒక పక్క నుంచి ఎక్కబోతారు. అప్పుడు తిరగబడేది ఈ రకమే ఎక్కువ.

అపోహ: ఆరడుగుల కౌంటర్‌కు నాలుగు స్టూళ్ళు పడతాయి.

వాస్తవం: పడతాయి, మనుషులు పట్టరు. ఒక్కొక్కరికి 24 అంగుళాలు, గుండ్రంగా తిరిగేవి లేదా చేతులున్నవి అయితే 28 - 30 అంగుళాలు కావాలి. మామూలువైతే మూడు, ఆ రకమైతే రెండే వేయండి.

అపోహ: ఎత్తు కుదిరితే చాలు.

వాస్తవం: మోకాళ్ళు ముందుకు చాచే చోటు కూడా కావాలి. 36 అంగుళాల కౌంటర్‌కు పలక ముందుకు సుమారు 15 అంగుళాలు, 42 అంగుళాల బార్‌కు 12 అంగుళాలు రావాలి. అంత పొడవున రాతిని ఆధారం లేకుండా వదలకూడదు, బ్రాకెట్లు వేయించాలి. అవి మోకాళ్ళ ఎదురుగా పడకుండా రెండు స్టూళ్ళ మధ్యకు వచ్చేలా ముందే గుర్తులు పెట్టించండి. స్టూలు వెనుక మనుషులు నడిచే దారి ఉంటే కౌంటర్ అంచు నుంచి 44 అంగుళాలు వదలాలి.

ఇక వీపు కావాలా వద్దా అన్న వాదన నాకు విసుగు. ఎక్కువసేపు కూర్చుంటే వీపున్నది కొనండి, చోటు తక్కువైతే కౌంటర్ కిందికి పూర్తిగా జరిగిపోయేది కొనండి. చేతులున్న రకమైతే ఆ చేతులు పలక కింద దూరుతాయో లేదో చూడండి. కాళ్ళకు రబ్బరు బుష్‌లే అన్ని నేలలకూ మంచివని చెబుతుంటారు, కానీ వినైల్ ఫ్లోరింగ్ మీద రబ్బరు చెరిగిపోని మచ్చలు పెట్టవచ్చు. చెక్క నేలకు ఫెల్ట్ ముక్కలు అతికించి, అరిగినప్పుడల్లా మార్చుకోవాలి.