టీబీ మందులకి తగ్గింది కాబట్టి అది టీబీయేనా? క్రోన్స్ మీద అపోహలు

"డాక్టర్ గారూ, ఈ క్రోన్స్ పేగులో బ్యాక్టీరియా వల్లే వచ్చిందంట కదా, ఒక గట్టి యాంటీబయాటిక్ కోర్సు రాసెయ్యండి" అని ఓపీలో వారానికి కనీసం ఒకరైనా అడుగుతారు, వాళ్లలో కొందరు ఏదో వీడియో చూసి అప్పటికే పేగు వాపుకి వాడే మెసాలమైన్ మానేసి వస్తారు.

బ్యాక్టీరియాకి సంబంధం లేదని ఎవరూ అనట్లేదు. పేగులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా మీదకే మన ఇమ్యూనిటీ తిరగబడటం ఐబీడీలో, అంటే క్రోన్స్ లాంటి, పేగు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడే జబ్బుల్లో, అసలు గొడవ. 2001లో క్రోన్స్ తో సంబంధం ఉందని తేలిన నాడ్2 జీన్ చేసే పనే బ్యాక్టీరియాని పసిగట్టడం. కొంతమంది క్రోన్స్ పేషెంట్లకి చిన్నపేగు చివర గోడలోకి చొరబడే రకం ఈ.కోలై ఎక్కువగా దొరుకుతుంది. అది జబ్బు తెచ్చిందా, జబ్బు వల్ల చేరిందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

పశువులకి జోన్స్ డిసీజ్ అనే పేగు జబ్బు తెచ్చే క్రిమి, టీబీ క్రిమికి దగ్గర చుట్టం, దాని మీద కూడా అనుమానం ఎప్పట్నుంచో ఉంది, 1913లోనే స్కాట్లాండ్ సర్జన్ డాల్జీల్ ఆ పశువుల జబ్బుకీ మనుషుల్లో ఈ పేగు జబ్బుకీ పోలిక ఉందని చెప్పాడు. ఆస్ట్రేలియాలో క్రోన్స్ పేషెంట్లకి ఆ క్రిమిని చంపే మూడు మందులు కలిపి రెండేళ్లు ఇచ్చి చూశారు, 2007లో రిజల్ట్ వచ్చింది. 16 వారాలప్పుడు బాగానే కనిపించింది, తర్వాత ఆ లాభం నిలబడలేదు.

మనవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. నొప్పి తగ్గడం వేరు, పుండు మానడం వేరు.

మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ రెండూ ఎక్కువగా చిన్నపేగు పెద్దపేగు కలిసే చోటే వస్తాయి, కొలనోస్కోపీలో ఒకేలా ఉంటాయి, చాలాసార్లు బయాప్సీ కూడా తేల్చి చెప్పదు. అప్పుడు ముందు టీబీ మందులు పెట్టి చూడటం తప్పేం కాదు, ఎందుకంటే టీబీ ఉన్నవాడికి పొరపాటున స్టెరాయిడ్ పడితే జబ్బు రెచ్చిపోతుంది. కానీ రెండు మూడు నెలలకి మళ్లీ స్కోప్ వేసి పుండ్లు మానాయా లేదా చూడాలి, అది మాత్రం ఎవరూ చేయించుకోరు!! నర్సరావుపేట వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు, టీబీ మందులు మొదలెట్టాక నొప్పి తగ్గింది, కాస్త ఒళ్లు కూడా చేశాడు, ఇంకెందుకులే అని స్కోప్ కి వెళ్లలేదు, కోర్సు అయ్యాక నొప్పి తిరగబెడితే వేరే చోట మళ్లీ అదే కోర్సు మొదలుపెట్టారు. నా దగ్గరకి వచ్చేసరికి అన్నం తిన్న గంటకి పొట్ట ఉబ్బి వాంతులు, సీటీ తీస్తే పేగు సన్నగా మూసుకుపోయి ఉంది. ఆపరేషన్ తప్పలేదు. వాళ్ల నాన్న "తగ్గింది కదండీ, అందుకే టీబీయే అనుకున్నాం" అన్నాడు, ఆయన్ని ఏమంటాం, ఎవరూ చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది.

మందుల షాపులో కొనే యాంటీబయాటిక్ కూడా అంతే. చీము గడ్డలకి, ఫిస్టులాకి (పేగు నుంచి పక్కకి పడే దొంగదారి) మేమే రాస్తాం, కానీ బ్లడ్ మోషన్ అయినప్పుడల్లా మీ అంతట మీరు వాడితే సి.డిఫ్ అనే అసలైన ఇన్ఫెక్షన్ వచ్చి పడొచ్చు. ఫ్లేర్ వస్తే, అంటే జబ్బు మళ్లీ రేగితే, ముందు మోషన్ టెస్ట్ చేయించండి.

క్రోన్స్ అంటుకుంటుందా? అంటుకోదు. కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదమ్మా, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని తినండి.

టీబీ మందులు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు మాత్రం తర్వాతి స్కోప్ ఎప్పుడో ఈ వారమే మీ డాక్టర్ ని అడిగి ఫైల్ మీద రాయించుకోండి.