అక్టోబరు ఎందుకు తప్పయింది?

చిరంజీవులు చిన్నికి, బాబ్జీకి, మిగతా పిల్లలందరికీ పర్లాకిమిడి నుంచి తాతయ్య ఆశీస్సులు.

నిన్న చిన్ని బరంపురం నుంచి ఫోన్ చేసింది. ఆన్‌లైన్ క్విజ్‌లో "ఒడిశాలో సగటున ఎక్కువ వాన పడేది ఏ నెలలో?" అని అడిగి జూన్, ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు ఇచ్చారట. ఇది అక్టోబరు నొక్కిందట. తప్పు, ఆగస్టు అని వచ్చిందట. "తిత్లీ తుపాను అక్టోబరులోనే కదా తాతయ్యా! మరి తప్పెలా అవుతుంది?"

ఏడాదంతటిలో ఎక్కువ అన్నం ఎక్కడ తిన్నారర్రా అని అడిగితే మీరు పెళ్లి భోజనమనే అంటారు. పులిహోర, ముద్దపప్పు మీద నెయ్యి, రెండోసారి అడిగి వేయించుకున్న బూరె, అన్నీ గుర్తే. అదే మీ నాన్నమ్మను అడగండి. రోజూ పొద్దున్నే సోలతో కొలిచి బియ్యం పోసేది ఆవిడ. ఆ సోలలన్నీ కలిపితే పెళ్లి భోజనం ఏ మూలకి? పైగా పెళ్లి ప్రతి ఏడూ ఉండదు, తుపానూ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ మన గజపతి జిల్లాను ఎంత ఏడిపించిందో మరచిపోమని కాదు నేననేది. గుర్తుండిపోయేది వేరు, కొలిచి రాసింది వేరు. ఒడిశాలో ఏడాది వానలో నూటికి 75 పాళ్లకు పైగా జూన్, సెప్టెంబరు నెలల మధ్యే పడుతుంది. శ్రావణంలో రోజూ పడే వాన నాన్నమ్మ సోల బియ్యమే.

నా చిన్నప్పుడు సర్కారు కచేరీ ఆవరణలో వానమాపకం ఉండేది. బడికి పోతూ కంచె దగ్గర ఆగేవాళ్లం. ఎనిమిదిన్నరకి ఒకాయన వచ్చి, సీసాలో నీళ్లు గీతల గాజు గొట్టంలో పోసి, కంటికెదురుగా పట్టుకుని చూసి రాసుకునేవాడు. ఎంత పడిందోనని మేము చింతపిక్కలు పందెం కాసేవాళ్లం. ఆయన అంకె చెప్పేదాకా మాకు టెన్షనే. ఆ పుస్తకం మాత్రం బీరువాలోకి పోయేది, ఊళ్లో ఎవరూ చూసేవారు కాదు.

ఇప్పుడు పుణెలోని వాతావరణ శాఖ కార్యాలయం దేశాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, 1901 నుంచి రోజువారీ వాన లెక్క అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఆ గళ్లకు ఒడిశా, ఆంధ్రా అన్న సరిహద్దు లేదు. బ్రిటన్‌లో అయితే 2020లో రీడింగ్ విశ్వవిద్యాలయం వారు పాత చేతిరాత వాన కాగితాలను ఆన్‌లైన్‌లో పెట్టి సాయం అడిగితే, 16 వేల మంది మామూలు మనుషులు ఇళ్లలో కూర్చునే ఆ అంకెలన్నీ ఎక్కించేశారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

కాబట్టి చిన్నీ, జవాబు తప్పయిందని క్విజ్ మూసేయకు. ముందు ఊహించు, తరవాత లెక్క తెరిచి చూడు. ఊహించకుండా చూసిన అంకె మనసులో నిలవదు.

బాబ్జీ, నీకో పని. పాతపట్నంలో మీ డాబా మీద చెట్టు నీడ పడని చోట, అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా పెట్టు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కేలు ముంచి చూసి పారబోసెయ్. ఒక మిల్లీమీటరు నీరు నిలిచిందంటే చదరపు మీటరు నేల మీద లీటరు వాన పడ్డట్టు. నేనూ ఇక్కడ మా డాబా మీద ఒకటి పెట్టాను. మనవి పక్కపక్క ఊళ్లే అయినా ఒక్కోసారి ఇక్కడ కుండపోత, అక్కడ ఎండ. ఎందుకన్నది ఈ ఉత్తరంలో ఇమడదు. ముందు నెల రోజుల అంకెలు రాసి పంపు.

మీ తాతయ్య