మేక గిట్ట ఆకు

చిన్నమ్మడూ, బాబీ,

ఛత్రపురంలో కొత్తింటి ముందు పరిచిన గడ్డి రెండు నెలలకే మాడిపోయిందట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ ఇసుకలో, ఆ ఎండలో గడ్డి బతకాలంటే రోజూ పైపు పట్టుకుని నిలబడాలి. నన్నడిగితే బాలబంద తీగ వెయ్యండి. దసరాకి గోపాల్‌పూర్ వచ్చినప్పుడు ఒడ్డున ఊదా పూలు కోసి బాబి జేబులో కుక్కుకున్నాడే, అదే. మధ్యాహ్నానికి వాడిపోయాయని ఏడ్చాడు కూడా. వాటి తీరే అంత, పొద్దున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి.

ఆకు కొసన చీలి అచ్చం మేక గిట్టలా ఉంటుంది. ఐపోమియా పెస్-కాప్రే అనే దాని లాటిన్ పేరులోనూ మేకకాలే ఉంది. పట్టుకుంటే దళసరిగా, నున్నగా తగులుతుంది, తుంచితే తెల్లటి పాలు కారతాయి. ఎండకీ ఉప్పుగాలికీ జడవదు. తల్లివేరు లోతుకి దిగుతుంది, పాకే కాడ కణుపు కణుపునా మళ్లీ వేళ్లూనుతుంది, ఇసుకని కుట్టేసినట్టు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే అరుగు మీద మోకాలెత్తు ఇసుక. పెరట్లో తీగ పరుచుకున్న మేర మాత్రం నేల కదల్లేదు. ఆకు ఒక్కటీ మిగల్లేదు గానీ, నెల తిరక్కుండా చిగుళ్లు వేసింది.

వానలు పట్టాయి కాబట్టి నాటడానికి ఇదే అదను. జానెడు కాడలో రెండు కణుపులు ఇసుకలో పూడ్చి, చివర బయటికి వదలండి. మూరకొకటి చాలు. వాన లేని రోజున సాయంత్రం నీళ్లు, అదీ మూడు వారాలే. గింజలతోనూ వస్తుంది గానీ పెంకు మహా గట్టి, గరుకు కాగితం మీద రుద్ది రాత్రంతా నానబెట్టాలి. అంత ఓపిక మీకెక్కడిది! సరుగుడు నీడన మాత్రం వెయ్యొద్దు, పూత రాదు. గేటు వైపు పాకే కొసల్ని కత్తిరిస్తూ ఉండండి, లేకపోతే అమ్మ స్కూటీ చక్రాలకి చుట్టుకుంటుంది.

తీగ కోసం ఋషికుల్య నది మొగ వైపు వెళ్లకండి, అవి తాబేళ్లు గుడ్లు పెట్టే తిన్నెలు. మా పెరట్లోదే కోసి, తడి గోనెసంచిలో చుట్టి ఆదివారం బస్సుకి పంపిస్తాను. అందిన రోజే నాటండి.

మీ తాతయ్య