కడుపు లోపలి పొర: అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్‌లో పొట్ట తెరిచిన ప్రతిసారీ మాకు ముందుగా ఎదురయ్యేది పెరిటోనియం. పేషెంట్లలో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు. పొట్ట గోడను లోపలివైపు అంటుకుని ఉండే పల్చటి పొర ఇది. ఇదే మడత తిరిగి పేగులు, కాలేయం, జీర్ణాశయం మీద కూడా పరుచుకుంటుంది.

అపోహ: అది ఉత్త కవర్. దానికి పనేమీ ఉండదు.

వాస్తవం: విప్పి పరిస్తే ఒంటి మీద చర్మం ఎంతుందో దాదాపు అంత, అంటే 1.5 నుంచి 2 చదరపు మీటర్లు ఉంటుంది. దీని మీద ఒకే వరుసలో ఉండే కణాలు కొద్దిగా ద్రవాన్ని తయారుచేస్తాయి. పేగులు రోజంతా కదులుతున్నా ఒరుసుకోనిది ఆ ద్రవం వల్లే. చిన్నపేగుకు రక్తనాళాలు వచ్చేది కూడా ఈ పొర మడతలోంచే. జీర్ణాశయం కింద వేలాడే కొవ్వు మడత పేరు ఒమెంటం. వాచిన అపెండిక్స్ కోసం లోపలికి వెళ్తే, చాలాసార్లు ఒమెంటం మాకంటే ముందే వచ్చి దాన్ని చుట్టేసి ఉంటుంది, చీము పొట్టంతా పాకకుండా. ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

అపోహ: బొడ్డు చుట్టూ నొప్పి అంటే గ్యాసే. సోడా తాగితే పోతుంది.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ. అవయవాల మీది పొరకు కోత తెలియదు, ఉబ్బు, లాగుడు మాత్రమే తెలుస్తాయి. అది కూడా ఫలానా చోట అని చెప్పలేదు. అందుకే అపెండిక్స్ వాపు మొదట బొడ్డు దగ్గర నొప్పిగా తెలుస్తుంది. వాపు పెరిగి పొట్ట గోడ మీది పొరకు తగిలాక, నొప్పి కుడివైపు కిందికి దిగుతుంది. ఆ పొరకు నరాలు వేరు, పైనున్న చర్మానికి వచ్చేవే దానికీ వస్తాయి. ఇక అప్పుడు పేషెంట్ ఒక్క వేలు పెట్టి చోటు చూపిస్తాడు, దగ్గమంటే భయపడతాడు. "ఆటోలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ప్రాణం పోయినంత పనైందండీ" అని ఎవరైనా అంటే నేను వెంటనే అప్రమత్తమవుతాను. పిల్లల్లో, గర్భిణుల్లో, పెద్ద వయసువాళ్లలో నొప్పి ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు.

అపోహ: నొప్పి దానంతటదే తగ్గింది, ఇక భయం లేదు.

వాస్తవం: అపెండిక్స్ పగిలితే లోపలి ఒత్తిడి పోయి కాసేపు హాయిగా అనిపించవచ్చు. ఆ తర్వాత చీము పొరంతా పాకి జ్వరం వస్తుంది, పొట్ట బిగుసుకుపోతుంది. పెరిటోనైటిస్ అంటే ఇదే. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

అపోహ: కిడ్నీలు కూడా ఈ సంచిలోనే ఉంటాయి.

వాస్తవం: లేవు. పొరకు వెనక, వీపువైపు ఉంటాయి.

అపోహ: కిడ్నీలు పనిచేయనివాళ్లకు చేసే పొట్ట డయాలిసిస్‌లో నీళ్లు పేగుల్లోకి పోతాయి.

వాస్తవం: పేగుల్లోకి కాదు, పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి. సాధారణంగా పొట్టకు అమర్చిన ట్యూబ్ ద్వారా 2 లీటర్ల ద్రవం ఎక్కించి కొన్ని గంటలు ఉంచుతాం. పొరలోని సన్నటి రక్తనాళాల నుంచి వ్యర్థాలు అందులోకి దిగుతాయి. ద్రవంలోని గ్లూకోజ్ ఒంట్లో ఎక్కువైన నీటిని లాగుతుంది. శిక్షణ తీసుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ సబ్బుతో చేతులు కడుక్కోకుండా ట్యూబ్ ముట్టుకోకూడదు. బయటికొచ్చే ద్రవం తేటగా ఉండాలి. బియ్యం కడిగిన నీళ్లలా కనిపిస్తే ఇన్ఫెక్షన్ అని అనుమానించి అదే రోజు ఆస్పత్రికి రండి. ఆ బ్యాగ్ పారేయకండి, వెంట తీసుకురండి, పరీక్షకు పంపాలి.