బంతి కోసం దూకినప్పుడే తెగలేదు: కుక్క మోకాలి లిగమెంట్ గురించి అపోహలు, వాస్తవాలు

వెనక కాలు ఎత్తిపట్టుకుని మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చే పెద్ద కుక్కల్లో ఎక్కువసార్లు పశువైద్యులమైన మాకు తేలేది ఒకటే. మోకాలి లోపల ఉండే క్రూషియేట్ లిగమెంట్ పూర్తిగానో, సగమో తెగి ఉంటుంది. తొడ ఎముకకీ కింది కాలి ఎముకకీ మధ్య గట్టి తాడులా ఉండి, కింది ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచేది అదే. అది పోతే కుక్క కాలు మోపిన ప్రతిసారీ ఆ ఎముక ముందుకు జారుతుంది. ఎవరో చెప్పిన మాట నమ్మి నాలుగైదు నెలలు పోగొట్టుకుని, తొడ కండ కరిగిపోయిన కుక్కని తీసుకొచ్చినప్పుడు నాకు చాలా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "నిన్న బంతి కోసం దూకింది డాక్టర్ గారూ, అప్పుడే తెగిపోయింది."

ఆటగాళ్లకు మైదానంలో మోకాలు మెలిపడి లిగమెంట్ తెగడం మనం చూస్తుంటాం కాబట్టి కుక్కకీ అలాగే జరిగిందనుకుంటాం. కుక్కల్లో ఎక్కువగా జరిగేది వేరు. లిగమెంట్‌లోని నారలు నెలల తరబడి బలహీనపడుతూ, కొన్ని కొన్నిగా తెగుతూ వస్తాయి. నిన్నటి గెంతు మిగిలిన పోగుల్ని తెంపింది, అంతే. కుంటు మొదలైన రోజునే ఎక్స్‌రే తీసినా చాలాసార్లు అప్పటికే ఎముక అంచుల్లో ఆర్థరైటిస్ గుర్తులు కనిపిస్తాయి. అవి ఒక్క రాత్రిలో వచ్చేవి కావు.

కుక్క మోకాలి నిర్మాణం కూడా దీనికి తోడవుతుంది. కింది కాలి ఎముక పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, సగటున 25 డిగ్రీల దాకా. కుక్క ఎప్పుడూ మోకాలు వంచే నిలబడుతుంది. అంటే ఊరికే నిలబడ్డా ఆ లిగమెంట్ మీద లాగుడు ఉంటుంది. ఇక జాతి ప్రభావం: ల్యాబ్రడార్, రాట్‌వైలర్, న్యూఫౌండ్‌లాండ్ కుక్కల్లో ఇది తరచుగా చూస్తాం. పరుగుకే పుట్టిన గ్రేహౌండ్‌లో చాలా అరుదు. పరుగే కారణమైతే ముందు తెగాల్సింది గ్రేహౌండ్‌కే కదా.

ఇంత వివరంగా చెప్పడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, బంతి విసిరినవాళ్లు తమను తాము తిట్టుకోకూడదు. ఏడేళ్ల ల్యాబ్రడార్‌ని పట్టుకుని "నేనే విసిరాను" అని ఏడ్చిన ఒక పాప నాకు బాగా గుర్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. జబ్బు లిగమెంట్‌దే కాబట్టి రెండో మోకాలు కూడా అదే బాటలో ఉండొచ్చు. ఒకవైపు తెగిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోవైపు కూడా తెగుతుంది, అదీ తరచుగా ఒకటి రెండేళ్లలోనే. ఈ మాట మొదటి రోజే చెబుతాను. తర్వాత చెబితే అది పిడుగులా పడుతుంది.

(పెద్ద జాతి కుక్కపిల్లని పెంచేవాళ్లకు ఒక మాట. సంతాన నిరోధక ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు గోల్డెన్ రిట్రీవర్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాది నిండకముందే ఆపరేషన్ అయిన మగవాటిలో 5 శాతం, ఆడవాటిలో 8 శాతం ఈ లిగమెంట్ సమస్యతో కనిపించాయి. ఆపరేషన్ చేయనివాటిలో ఒక్కటీ లేదు.)

అపోహ: "అరవట్లేదు, తోక ఊపుతోంది, తింటోంది. నొప్పేం లేదు."

కుంటడమే నొప్పి. కుక్క నొప్పిని నోటితో చెప్పదు, నడకతో చెబుతుంది. ఇంట్లో మీరు చూడగలిగినవి చాలా ఉన్నాయి. కూర్చున్నప్పుడు రెండు కాళ్లూ సమంగా మడుస్తోందా, లేక ఒక కాలు పక్కకు చాపుతోందా? పడుకుని లేచాక మొదటి పది అడుగులు ఎలా వేస్తోంది? నిలబడ్డప్పుడు ఒక కాలి వేళ్లే నేలకి ఆనుతున్నాయా? వెనక నిలబడి రెండు చేతులతో రెండు తొడలూ ఒకేసారి పట్టుకుని చూడండి. ఒకటి సన్నబడితే చేతికి ఇట్టే తెలుస్తుంది. మోకాలి లోపలివైపు గట్టిగా, ఉబ్బుగా తగిలితే సమస్య పాతదని అర్థం.

తుంటి దగ్గర నొప్పనుకుని నెలల తరబడి మందులు వాడి వచ్చేవాళ్లూ ఉన్నారు. తుంటి కీలు లోపమే కుంటుకి కారణమని అనుకుని పెద్దాసుపత్రికి పంపిన కుక్కల్ని పరీక్షిస్తే, దాదాపు మూడో వంతు వాటిలో ఈ లిగమెంట్ తెగి ఉన్నట్టు ఒక అధ్యయనంలో తేలింది. రెండు మోకాళ్లూ ఒకేసారి పోయిన కుక్క అయితే కొన్నిసార్లు అసలు లేవలేకపోతుంది. దాన్ని చూసి వెన్నెముక దెబ్బతిందని అనుకుంటారు.

అపోహ: "ఎక్స్‌రే బాగుంది కాబట్టి లిగమెంట్ బాగుంది."

ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు. కీలులో నీరు చేరిందా, ఆర్థరైటిస్ మొదలైందా అన్నది కనిపిస్తుంది. అసలు పరీక్ష చేతులతోనే. తొడ ఎముకను పట్టుకుని కింది ఎముకను ముందుకు నెట్టి, జారుతోందో లేదో చూస్తాం. కుక్క భయంతో కండలు బిగిస్తే ఏమీ తెలియదు కాబట్టి కొద్దిగా మత్తు ఇవ్వాల్సి వస్తుంది. దానికి టెన్షన్ పడకండి. సగం తెగినప్పుడు జారుడు చాలా తక్కువగా ఉండొచ్చు, మోకాలు పూర్తిగా చాపినప్పుడు మాత్రం కుక్క కాలు లాక్కుంటుంది.

అపోహ: "పది రోజుల్లో కుంటు తగ్గింది, అతుక్కున్నట్టుంది."

తెగిన క్రూషియేట్ తనంతట తాను అతుక్కోదు. మొదటి వాపు దిగితే కుంటు తగ్గినట్టు కనిపిస్తుంది. తర్వాత నెమ్మదిగా కీలు చుట్టూ మందపాటి కణజాలం పేరుకుని కొంత బిగువు ఇస్తుంది. ఈలోగా ఎముకలు జారుతూనే ఉంటాయి. వాటి మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగి చిరుగుతుంది. కాస్త తగ్గిన కుంటు మళ్లీ ఒక్కసారిగా పెరిగినా, నడుస్తుంటే మోకాలిలో టక్ టక్ అని చప్పుడు వచ్చినా, నాకు ముందు మెనిస్కస్ మీదే అనుమానం.

అలాగని ఆపరేషన్ ఒక్కటే దారి అనడమూ సరికాదు. 1984లో వచ్చిన ఒక పరిశీలనలో, ఆపరేషన్ లేకుండా 15 కిలోల లోపు కుక్కల్లో సుమారు 85 శాతం బాగుపడ్డాయి లేదా మెరుగయ్యాయి. అంతకన్నా బరువైనవాటిలో ఇరవై శాతం కూడా లేవు. 2013లో బరువెక్కువైన పెద్ద కుక్కల మీద ఇంకో అధ్యయనం చేశారు. అన్నింటికీ బరువు తగ్గించారు, ఫిజియోథెరపీ చేయించారు, నొప్పి మందులు ఇచ్చారు. కొన్నింటికే ఆపరేషన్ చేశారు. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ అయినవాటిలో 75 శాతం, కానివాటిలో దాదాపు 64 శాతం బాగున్నాయి.

నా పద్ధతి ఇది. చురుగ్గా ఉండే పెద్ద కుక్కకైతే ఆపరేషనే చెబుతాను. చిన్న కుక్కకి ఆరు నుంచి ఎనిమిది వారాలు విశ్రాంతి ఇచ్చి చూస్తాను, మెరుగు లేకపోతే మళ్లీ ఆలోచిస్తాం. గుండె జబ్బో, కిడ్నీ సమస్యో ఉన్న ముసలి కుక్కకి మత్తు ఇవ్వలేకపోతే, బరువు, మందులు, మెల్లని నడకతోనే దాని రోజులు హాయిగా గడిచేలా చూస్తాం. ఆ కుటుంబం తప్పు చేసినట్టు బాధపడనక్కర్లేదు.

అపోహ: "ఆపరేషన్ అంటే తెగినదాన్ని కుట్టేయడమే."

కుట్టి అతికించడం కుదరదు. లిగమెంట్ పనిని ఇంకో రకంగా చేయిస్తాం. ఒక పద్ధతిలో కీలు బయటివైపు గట్టి నైలాన్ దారంతో ఎముకల్ని పట్టి ఉంచుతాం. చిన్న కుక్కలకు ఇది సరిపోతుంది. పెద్దవాటికి ఎక్కువగా చేసేది టీపీఎల్ఓ. అమెరికా పశువైద్యుడు బార్క్లే స్లోకమ్ దీన్ని రూపొందించి 1993లో ప్రచురించారు. కింది ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, తిప్పి, ఆ వాలును దాదాపు 5 డిగ్రీలకు తెచ్చి, ప్లేటు, స్క్రూలు వేస్తాం. వాలు పోతే ఎముక ముందుకు జారే కారణమే పోతుంది.

అపోహ: "గట్టిగా కట్టు కడితే సరిపోతుంది."

కుక్క తొడ పైన లావుగా, కింద సన్నగా ఉంటుంది. మోకాలికి కట్టిన కట్టు కిందికి జారిపోయి, బరువై, ఆ కాలునే లాగుతుంది. విడిగా దొరికే మోకాలి పట్టీలు లిగమెంట్‌కి బదులు పనిచేస్తాయని గట్టి ఆధారం లేదు. చర్మం ఒరుసుకుపోకుండా రోజూ చూసుకోవాలి కూడా.

అపోహ: "మనం వేసుకునే నొప్పి మాత్రలో సగం వేస్తే చాలు."

దయచేసి వేయొద్దు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా ఇవ్వకూడదు. నల్లటి తారులాంటి విరేచనాలతో, నెత్తురు వాంతులతో వచ్చిన కుక్కని చూసినవాళ్లెవరూ ఆ సగం మాత్రని మర్చిపోలేరు. కుక్కలకు మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ లాంటి మందులున్నాయి. వాటిని బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి, స్టెరాయిడ్‌తో కలిపి వాడకూడదు. ఇప్పటికే ఏదైనా వేసి ఉంటే దాచకండి. నేను తిట్టను. అది తెలియకుండా రెండో మందు ఇస్తే నష్టపోయేది మీ కుక్క.

అపోహ: "ఆపరేషన్ అయింది, కాలు మోపుతోంది, ఇక వదిలేయొచ్చు."

నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. టీపీఎల్ఓ అయిన ఎముక అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారానికే కుక్కకి హుషారు వచ్చేస్తుంది. ఒక్కసారి సోఫా మీంచి దూకినా, నున్నటి నేల మీద జారినా స్క్రూలు కదలొచ్చు. అందుకే క్రేట్ (కుక్కని ఉంచే బోను) గానీ చిన్న గది గానీ, నేల మీద జారని చాపలు, మెట్లు బంద్, బయటికి వెళ్తే పట్టుకోవడానికి పొట్టి లీష్. బంధించడం పాపం అనిపిస్తుంది, నాకు అర్థమవుతుంది. తిండిని గిన్నెలో పెట్టకుండా గుడ్డ మడతల్లో దాచి వెతికించండి, ముక్కుకి పని దొరికితే కుక్క అలసిపోయి పడుకుంటుంది. నడక ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు వారం వారం పెంచండి. చాలా మెల్లగా నడిపించండి. వేగంగా నడిస్తే కుక్క ఆ కాలు ఎత్తేసి మిగతా మూడింటితో వెళ్లిపోతుంది.

ఈ వారాల్లో తిండి కూడా తగ్గించాలి, ఎందుకంటే కదలిక తగ్గింది. పక్కటెముకలు కళ్లకి కనబడనక్కర్లేదు, వేళ్లతో రాస్తే సులువుగా తగలాలి. 48 ల్యాబ్రడార్లతో జీవితాంతం సాగిన ఒక అధ్యయనంలో, తోటి కుక్కకన్నా 25 శాతం తక్కువ తిన్నవి సుమారు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి. కీళ్ల నొప్పులకు మందు అవసరమైందీ ఆలస్యంగానే. కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్ పొడి డబ్బా కొనేముందు, రోజూ పెట్టే తిండిని తూకం వేయడం మొదలుపెట్టండి.

బంతి విసిరాను అని ఏడ్చిన ఆ పాప పద్నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ల్యాబ్రడార్ మామూలుగానే నడుస్తోంది, ఇంట్లో పెద్దవాళ్లకి ఏ తేడా కనబడలేదు. "మూడు రోజులనుంచి కూర్చున్నప్పుడు రెండో కాలు పక్కకి పెడుతోంది" అంది. పరీక్షిస్తే లిగమెంట్ సగమే తెగి ఉంది.