పేరు రాయడానికి ఒకటే గీత

2026ను మహిళా రైతుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. దాన్ని నడిపే బాధ్యత రోమ్‌లోని ఆహార, వ్యవసాయ సంస్థది. 1945లో పుట్టిన ఆ సంస్థకు ఇంతవరకు ఒక్క మహిళ కూడా డైరెక్టర్ జనరల్ కాలేదు. ఇప్పుడున్న చూ దోంగ్యూ పదవీకాలం 2027 జులై ఆఖరుతో ముగుస్తుంది. అందుకే ఒకపక్క మహిళా రైతుల మీద పోస్టర్లు, ప్రసంగాలు, ఇంకోపక్క తర్వాత ఆ కుర్చీ ఎవరిదన్న ప్రశ్న.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా వినిపించే జవాబు ఒకటుంది: తొందరపడొద్దు, అర్హులైన మహిళలు కింది మెట్ల నుంచి ఒక్కొక్కరే పైకి వస్తున్నారు, కాలమే సర్దుతుంది. కొంత నిజం లేకపోలేదు. కానీ సభ్య దేశాలు ఓటేసిన 2019 డైరెక్టర్ జనరల్ ఎన్నిక ఈ మాటకు సరిగ్గా సరిపోదు. ఫ్రాన్స్ నిలబెట్టిన క్యాథరీన్ జెస్లాన్ లానెయెల్ అంతకుముందు యూరప్ ఆహార భద్రతా సంస్థను ఏళ్ల తరబడి నడిపిన మనిషి. అర్హత లేదని ఎవరూ అనలేరు. పోలైన 191 ఓట్లలో ఆమెకు 71, చైనా అభ్యర్థి చూకి 108 వచ్చాయి. చైనా, యూరప్‌ల మధ్య పలుకుబడి పోరు కూడా అందులో ఉంది కాబట్టి, ఆడమనిషి అయినందుకే ఓడిపోయారని తేల్చేయడం సరికాదు.

అదే రోమ్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం కూడా ఉంది. దాని అధిపతిని ఎన్నుకోరు, నియమిస్తారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, ఆహార, వ్యవసాయ సంస్థ డైరెక్టర్ జనరల్ కలిసి ఆ పేరు ఖాయం చేస్తారు. 1992లో క్యాథరీన్ బెర్టినీ వచ్చారు. తర్వాత జోసెట్ షీరన్, ఎర్తరిన్ కజిన్, 2023లో సిండీ మెకేన్. అంటే నలుగురు. ఆ ఊళ్లోనే ఉన్న మూడో సంస్థ, వ్యవసాయాభివృద్ధి అంతర్జాతీయ నిధి. దాని అధ్యక్షుణ్ణి సభ్య దేశాలు ఎన్నుకుంటాయి. అక్కడా మహిళల సంఖ్య సున్నా.

నియమించిన చోట నలుగురు, ఓటేసిన చోట ఒక్కరూ లేరు. కాలం మాత్రం మూడు సంస్థలకూ ఒకేలా గడిచింది.

పెద్ద ఆహార కంపెనీల సంగతి త్వరగా చెప్పేయొచ్చు. 2006 ఒక్క ఏడాదిలోనే ఆర్చర్ డేనియల్స్ మిడ్లాండ్‌కు ప్యాట్రీషియా వోర్ట్జ్, క్రాఫ్ట్‌కు ఐరీన్ రోజెన్‌ఫెల్డ్, పెప్సికోకు ఇంద్రా నూయి సారథులయ్యారు. ఇక రోజులు మారినట్టేనని చాలామంది అనుకున్నారు. వాళ్లు దిగిపోయాక ఆ మూడు కుర్చీల్లోనూ మగవాళ్లే కూర్చున్నారు. రైతు సంఘాల్లోనూ ఇదే వరస. ఆస్ట్రేలియా జాతీయ రైతు సమాఖ్యకు 2016లో ఫియోనా సిమ్సన్, ఫ్రాన్స్‌లోని అతి పెద్ద రైతు సంఘానికి 2017లో క్రిస్టియాన్ లాంబెర్, ఇంగ్లండ్, వేల్స్‌ల రైతు సంఘానికి 2018లో మినెట్ బ్యాటర్స్ అధ్యక్షులయ్యారు. ముగ్గురూ తమ సంఘంలో ఆ పదవికెక్కిన తొలి మహిళలే. 2024 తొలి నెలలు దాటేసరికి ఆ మూడు పదవులూ తిరిగి మగవాళ్ల చేతికొచ్చాయి.

బ్యాటర్స్ కథ దగ్గర కాస్త ఆగాలి. తండ్రి కౌలు రైతు. కూతురు సాగులోకి రావడానికి ఆయన ప్రోత్సాహం లేదు. ఆమె వంట నేర్చుకుని క్యాటరింగ్ వ్యాపారం పెట్టుకున్నారు. తండ్రి విరమించుకున్నాకే, 1998లో, కౌలు ఆమె పేరు మీదికి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత సంఘం ఆమెను అధ్యక్షురాలిని చేసింది. కాగితం మీద పేరు లేకుండా ఆ ఇరవై ఏళ్ల ప్రయాణం మొదలయ్యేదేనా?

నా లెక్కలో అసలు కథంతా ఆ కాగితం దగ్గరే ఉంది. సంఘాలు, సహకార డెయిరీలు, నీటి కమిటీలు చాలాచోట్ల కమతానికి ఒక సభ్యత్వం, ఒక ఓటు అనే పద్ధతి మీదే నడిచాయి. కమతం ఎవరి పేరున ఉంటే ఓటు వాళ్లది. ఓటున్నవాళ్లే డైరెక్టర్లు, డైరెక్టర్లలోంచే అధ్యక్షుడు. భార్య పాలు పితికినా, చిట్టా పద్దులు రాసినా, బ్యాంకుకు తిరిగినా ఆ మెట్ల వరసలో ఆమెకు మొదటి మెట్టే లేదు.

ఈ మెట్టు ఎక్కడ పోయిందో బాగా బయటపెట్టింది అమెరికా వ్యవసాయ గణన. అక్కడ రైతు ఆడో మగో రాయడం మొదలైందే 1978లో. కమతానికి ఒక్క పేరే రాయాలి. ఆ లెక్కన మహిళలు నడిపే కమతాలు 5 శాతం దగ్గర తేలాయి. 2002 నుంచి ముగ్గురి దాకా పేర్లు రాయనిచ్చారు గానీ, అసలు రైతు మాత్రం ఒక్కరే. 2012లో ఆ అసలు రైతుల్లో మహిళలు 14 శాతం.

మలుపు 2017లో వచ్చింది. ఆ ఏడాది పత్రంలో నలుగురి పేర్లకు చోటిచ్చారు, అసలు రైతులు ఒకరికి మించి ఉండొచ్చన్నారు. అంతకంటే ముఖ్యంగా ప్రశ్న మార్చారు. రైతు ఎవరు అని కాకుండా నిర్ణయాలు ఎవరివి అని అడిగారు. రోజువారీ పనులు, భూమిలో ఏం వేయాలి, పశువుల సంగతి, పద్దులూ డబ్బూ, ఆస్తి తర్వాత ఎవరికి వెళ్లాలి అంటూ ఒక్కో దానికి విడివిడిగా టిక్కు పెట్టమన్నారు. మహిళల సంఖ్య 12 లక్షలు దాటింది, మొత్తం రైతుల్లో 36 శాతం. కనీసం ఒక మహిళ నిర్ణయాలు తీసుకునే కమతాలు 56 శాతం. వాళ్లు ఎక్కువగా టిక్కు పెట్టినవి రోజువారీ పనులు, పద్దులు. కమతాన్ని నడపడం అంటే ఆ పనులే కదా.

పత్రం మార్చి అంకెలు పెంచారన్న విమర్శ వచ్చింది. మహిళా రైతులు అయిదేళ్లలో 27 శాతం పెరిగారన్న మాటలో కొత్త ప్రశ్నల వాటా ఉందన్నది నిజమే. కానీ ఆ విమర్శను తిప్పి చదివితే, పాత పత్రం అన్నేళ్లూ వాళ్లను లెక్కలోంచి తప్పించిందనే కదా అర్థం! 2022 గణనలోనూ ఆ 36 శాతం అలాగే నిలిచింది.

ఫ్రాన్స్‌లో గణన పత్రం బదులు చట్టమే అడ్డం పడింది. రైతులు కలిసి సాగు చేసుకునే ఉమ్మడి సంఘాలకు 1962లో చట్టం వచ్చింది. భార్యాభర్తలిద్దరే కలిసి అలాంటి సంఘం పెట్టుకోవడానికి మాత్రం 2010 దాకా వీల్లేదు. మధ్యలో 1985లో ఇంకో రకం సంస్థ ద్వారా దంపతులకు దారి దొరికింది. లాంబెర్ యువ రైతుల సంఘానికి తొలి అధ్యక్షురాలైంది 1994లో. అక్కడి నుంచి పెద్ద సంఘం కుర్చీ దాకా రావడానికి 23 ఏళ్లు పట్టింది.

రోమ్‌లోని ఆహార, వ్యవసాయ సంస్థ కూడా ఈ లెక్కలు తెలియనిదేమీ కాదు. మహిళలకు భూమి, అప్పు, విత్తనం, సలహా మగవాళ్లతో సమానంగా అందితే వాళ్ల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరుగుతుందని 2011లో రాసింది అదే. అదే 2011లో డైరెక్టర్ జనరల్ పదవికి ఆరుగురు పోటీ పడ్డారు, ఆరుగురూ మగవాళ్లే. 2019కి దేశాలు ప్రతిపాదించిన పేర్లు ఐదు, అందులో మహిళ ఒకరు. 2023లో పోటీయే లేదు. 2027కి మళ్లీ పేర్లు పంపాల్సింది ప్రభుత్వాలే.